సగటు పెరిగిన నెల

నేను చేసిన పనికి మా ఉదయగిరిలో పేరు లేదు. "ఆత్మకూరులో ఏం జేస్తాది మీ ఆడబిడ్డ?" అని ఎవరన్నా అడిగితే మా వదిన "పార్సిళ్లు కడతాది" అని చెప్పేది. చర్చిలో ఇంకో మాట ప్రచారమైంది: "సుగుణమ్మ ఫోన్లో పిల్లల్ని అమ్ముతాది" అని. పిల్లల బట్టలు అనబోయి ఎవరో నోరు జారారు, ఆ మాటే నిలబడిపోయింది. పదేళ్లపాటు ఆ మాట విని నవ్వుకున్నాను, ఒకటి రెండుసార్లు కోపం కూడా తెచ్చుకున్నాను.

అసలు నా పని ఇది. ఏడాది నుంచి మూడేళ్ల పిల్లల సామాన్లు అమ్మే ఒక ఆన్‌లైన్ అంగడిలో, ఒక వస్తువు కోసం వచ్చిన తల్లి మూడు వస్తువులు కొనేటట్టు చూడాలి. దీన్ని సగటు ఆర్డరు విలువ పెంచడం అంటారు. నెలలో జరిగిన మొత్తం అమ్మకాన్ని ఆర్డర్ల సంఖ్యతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. అది పెరిగితే నేను గొప్పదాన్ని, తగ్గితే చేతగానిదాన్ని. అంతే ఉద్యోగం.

ఈ మధ్య మన దుత్తలూరు, కలువాయి వైపు నుంచి కూడా చదువుకున్న పిల్లలు ఈ పనిలోకి వస్తున్నారు. నేను మానేశానని తెలిసి కూడా ఫోన్ చేసి "అత్తా, ఏదన్నా కిటుకు చెప్పు" అని అడుగుతారు. చెబుతాను, దాచుకుని నేనేం చేసుకోవాలి? కానీ నా కిటుకుల్లో ఒకటి, సోమశిలలో ఒక అవ్వ తన మనవణ్ణి కనిపెట్టుకుని ఉండటానికి ఉన్న ఒకే ఒక్క ఉపాయాన్ని చెడగొట్టింది. అది చెప్పకుండా మిగిలినవి చెబితే నేను మోసం చేసినట్టే.

కొసరు ఎవరు అడగాలి

ఆన్‌లైన్‌కు ముందు నేను ఆత్మకూరు బజారులో ఒక రెడీమేడ్ బట్టల అంగడిలో కౌంటర్ దగ్గర చాలా ఏళ్లు పనిచేశాను. యజమానిని అందరం పెద్దాయన అనేవాళ్లం. నోటి దురుసు, చేతి పిసినారితనం రెండూ ఉన్న మనిషి. నేను పొట్టిదాన్ని కాబట్టి పిల్లల విభాగంలో పెట్టాడు. "నిన్ను జూస్తే పిల్లలు బెదరరు, నువ్వూ వాళ్లంతే ఉండావు గదా" అన్నాడు మొదటిరోజే. ఒళ్లు మండింది. అయినా వ్యాపారం నాకు నేర్పింది ఆయనే.

"తల్లి చేతిలో సంచి జూడబాక, బిడ్డ కాళ్లు జూడు" అనేవాడు. వేళ్లు చెప్పు బయటికి వచ్చి ఉంటే ఆ తల్లికి చెప్పులు కావాలి, అడగకపోయినా సరే. మోకాళ్లు గీసుకుపోయి ఉంటే నిండు ప్యాంటు కావాలి. ఎక్కువ అమ్మడమంటే నాకు అప్పట్లో ఇంతే తెలుసు. ఎదురుగా ఉన్న బిడ్డను చూడటం, చూసింది చెప్పడం.

అన్నీ కొన్నాక తల్లులు కదలకుండా నిలబడి "కొసరేదీ?" అనేవాళ్లు. పెద్దాయన గొణుక్కుంటూ ఒక జేబురుమాలో జుట్టు పిన్నో విసిరేవాడు. కొసరు లేకపోతే మళ్లీ రారని ఆయనకు తెలుసు.

ఆయన కూతురు లావణ్య చదువు ముగించుకుని వచ్చి, అంగడి పై అంతస్తులో ఆన్‌లైన్ వ్యాపారం మొదలుపెట్టింది. తెలివైన పిల్ల, తండ్రికన్నా మంచి మనసు. నన్ను పైకి రమ్మంది. వెళ్లాక తెలిసింది, అక్కడ బిడ్డ కాళ్లు కనపడవు, తల్లి ముఖం కనపడదు. తెర మీద మాత్రం మా మాటలే: దీనితో పాటు ఇది కూడా తీసుకోండి, అది కూడా వేసుకోండి. పెద్దాయన ఒకరోజు మెట్లెక్కి వచ్చి కళ్లజోడు పెట్టుకుని అదంతా చదివాడు. "ఇదేందే సుగుణా, కొసరు మనమే అడుక్కుంటా ఉండామే!" అన్నాడు. ముసలాయన చాదస్తం అనుకుని నవ్వాను.

ఇప్పటిది, ఎదిగినాక వేసేది

మొదట బాగా జరిగింది చెబుతాను. మన వైపు ఒక విచిత్రమైన ఫిర్యాదు ఉంది. దుత్తలూరు నుంచి ఒక తల్లి ఫోన్ చేసి గొడవపెట్టుకుంది.

"ఏంది మే, ఇట్టాంటి గౌను పంపించినావు?"

"ఏమైందమ్మా? పెద్దదైందా?"

"పెద్దదైతే నేనెందుకు ఫోన్ జేస్తా? కొలిచి కుట్టినట్టు సరిపోయింది. ఏం జేసుకునేది దాన్ని? నాలుగు నెలలకి పొట్టిదైపోతాది గదా!"

మన తల్లులు ఎదిగే బిడ్డకు ఎప్పుడూ ఒక సైజు పెద్దదే కొంటారు. ఆ బిడ్డ ఏడాదిపాటు గౌను తొక్కుకుని పడుతూ లేస్తూ తిరుగుతుంది, సరిపోయే నాటికి గౌను వెలిసిపోతుంది. నాకప్పుడు తట్టింది. ఒకే గౌను రెండు సైజుల్లో కలిపి పెట్టాం. ఇప్పటిది ఒకటి, ఎదిగినాక వేసేది ఒకటి. ధర కాస్త తగ్గించాం. ఎవరినీ బతిమాలే పని లేకుండా పోయింది. దుత్తలూరు తల్లే మూడు జతలు తెప్పించుకుంది. వాళ్ల బంధువులు వరసగా రెండేళ్లు పెళ్లిళ్లలో ఆ బిడ్డ మీద అదే గౌను చూసి, "ఏం గుడ్డమ్మా, రంగు దిగలేదు, పొట్టి కాలేదు!" అని మాకు ఆర్డర్లు పెట్టారు. నేను నిజం చెప్పలేదు. ఆ ఒక్క అబద్ధానికి నాకు పెద్దగా పశ్చాత్తాపం లేదు.

ఇక తప్పు. నల్లపూసల దిష్టి కడియాలు బాగా పోతున్నాయని, ప్రతి ఆర్డరులోనూ ఆ కడియం ముందే చేరేటట్టు పెట్టించాను. వద్దనుకున్నవాళ్లు తీసేసుకోవచ్చు, చూసుకోనివాళ్లకు వెళ్లిపోతుంది. నేను బాప్టిస్టు ఇంట్లో పుట్టి పెరిగినదాన్ని. మా వాళ్లు సగంమంది మా దగ్గరే కొంటారన్న సంగతి నాకు తట్టనే లేదు. వారం తిరక్కుండా మా పాస్టరమ్మ ఫోన్ చేసింది.

"సుగుణా, నీకు బుద్ధుండాదా? మా ఇంటికే దిష్టి కడియం పంపిస్తావా?"

"పొరపాటైపోయింది పాస్టరమ్మా. వెనక్కి పంపించండి, డబ్బులు వేయిస్తాను."

పాస్టరమ్మ గొంతు తగ్గించింది. "వెనక్కెందుకులే. మనవరాలి చేతికి బాగుండాది. బిల్లులో దిష్టి అనే మాట తీసేసి, ఉట్టి కడియం అని రాసి పంపు."

ఆఫీసంతా పడీపడీ నవ్వాం. తర్వాత ఎందుకో అనుమానమొచ్చి ఇంకో పదిమందికి ఫోన్ చేశాను. సగంమంది అది కొసరు అనుకున్నారు. డబ్బు తీసుకున్నామని వాళ్లకు తెలియదు. నా తల తీసేసినట్టయింది. ఆ రోజే దాన్ని తీయించాను, తీసుకున్నది తిరిగి ఇప్పించాను. అడక్కుండా బుట్టలో వేసేదాన్ని అమ్మకం అనకండి. దాని పేరు వేరే.

మోత గట్టిగా ఉండాల

చెంగమ్మవ్వ నాకు మొదట ఫోన్లోనే పరిచయం. సోమశిల డ్యాము కట్టినప్పుడు ఊరు మునిగి ఒడ్డుకు చేరిన కుటుంబం. ఇల్లు నీళ్లకు బాగా దగ్గర. కొడుకు, కోడలు తెల్లారేసరికి పడవ మీద చేపలకు వెళ్లిపోతారు. ఇంట్లో అవ్వ, నడక వచ్చిన మనవడు. ఆమెకు వెబ్‌సైట్ అంటే తెలియదు. ఎవరి దగ్గరో మా పెట్టె మీది నంబరు కనపడితే నొక్కించుకుని మాట్లాడింది. అలాంటివాళ్ల ఆర్డర్లు నేనే కంప్యూటర్లో ఎక్కించేదాన్ని.

"బుడ్డోడికి బూట్లు కావాలమ్మా. నడస్తా ఉంటే కుయ్ కుయ్‌మంటాయే, అయ్యి."

"ఏ రంగు పంపమంటావు అవ్వా?"

"రంగుతో నాకేం పని? మోత గట్టిగా ఉండాల."

"చుట్టుపక్కలోళ్లు తిట్టుకుంటారు అవ్వా!"

"తిట్టుకోనీలే. నీ కాడ ఉండేవాటిల్లో బాగా అరిచేవి జూసి పంపు."

నేను ఆరు రకాలు తెచ్చి, మడమలు ఒక్కొక్కటే నొక్కి, అన్నిటికన్నా గట్టిగా అరిచే జత ఎంచాను. లావణ్య చెవులు మూసుకుని "అత్తా, చాలు!" అని అరిచింది. అప్పటి నుంచి రెండు మూడు నెలలకొకసారి అవ్వ ఫోన్ చేసేది, ఒక సైజు పెంచి పంపేదాన్ని. రెండు వందల చిల్లర సరుకు. ప్రతిసారీ మేజోళ్లు కలపబోయేదాన్ని, టోపీ కలపబోయేదాన్ని. ఏదీ తీసుకునేది కాదు. ఆఫీసులో మేం ఆమెకు మోతవ్వ అని పేరు పెట్టి నవ్వుకునేవాళ్లం.

అవ్వకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ చేద్దామంటే షుగరు దిగలేదు. మనవడు ఎటు పోతున్నాడో ఆ మోత విని తెలుసుకునేది. మోత నీళ్ల వైపు మళ్లితే లేచి వెళ్లి పట్టుకునేది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీకు మాత్రం ఇప్పుడే చెబుతున్నాను, ఇది తెలిసి మిగతాది చదవాలి. గట్టి మోత ఎందుకు అవ్వా అని నేను ఒక్కనాడూ అడగలేదు.

ఆరు వందలు

చిన్న ఆర్డర్లతో మాకు నిజంగానే కష్టం ఉండేది. పట్టణంలో అయితే ఫరవాలేదు. గుట్టల్లో ఉన్న ఊళ్లకు ఒక జత బూట్లు పంపితే, మిగిలే లాభం కన్నా కొరియర్ ఖర్చే ఎక్కువ. లావణ్య ఒకరోజు తల పట్టుకుని కూర్చుంది. అప్పుడు నేనన్నాను, "ఆరు వందలకు తక్కువైతే పంపం అని పెట్టేద్దాం. కావలసినవాళ్లు ఇంకో రెండు వస్తువులు వేసుకుంటారు" అని. ఇలాంటి రాతల్లో తప్పులన్నీ పైవాళ్ల మీద వేసేయడం మామూలు. ఇది లావణ్య తప్పు కాదు, సలహా నాది.

ఆ నెల సగటు ఎగిరి కూర్చుంది. అంతవరకూ మేం ఎప్పుడూ చూడని అంకె. లావణ్య మిఠాయి తెప్పించి అందరికీ పంచింది. "కొత్తగా వచ్చే అమ్మాయిలకు సుగుణత్తే ట్రైనింగ్ ఇస్తుంది" అని ప్రకటించింది. ఆ శనివారం ఉదయగిరి బస్సులో నేను సీటులో నిమ్మళంగా కూర్చోలేకపోయాను, అంత సంబరం. ఇంటికెళ్లి వదినకు చెబితే ఆమె అంతా విని, "అయితే ఇంకనించి పెద్ద పార్సిళ్లు కడతావా?" అంది.

ఆ నెలలోనే చెంగమ్మవ్వ ఫోన్ చేసింది.

"అమ్మా, బుడ్డోడికి బూట్లు బిగుతైపోయినాయి. ఇంకో సైజు పంపు."

"అవ్వా, ఇప్పుడు ఆరు వందలకి తక్కువైతే పంపించంలేదు. బూట్లతో పాటు ఒక దుప్పటి, ఒక బొమ్మ తీసుకో. చక్కగా ఆడుకుంటాడు."

"దుప్పటి ఉండాది. బొమ్మతో నేనేం జేసుకునేది? నాకు బూట్లు కావాల."

"రూలు అట్లా మారిపోయింది అవ్వా."

"కొంటే అన్నీ కొను, లేకుంటే ఒకటీ ఇయ్యను అంటావా? అదేం అంగడమ్మా!"

ఫోన్ పెట్టేసింది. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. ఇంత కాలం నష్టానికి పంపాం, ఈమెకు ఆ విశ్వాసమన్నా లేదే అనుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. రాయకపోతే మాత్రం మీకు నేను అర్థం కాను.

ఎవరు ఎదిగారు?

మూడు నెలలు గడిచాయి. సగటు దిగలేదు. నాకు మాత్రం ఏదో తేడాగా ఉండేది, ఏమిటో తెలిసేది కాదు. ఒకరోజు పొద్దున పదిన్నరకు టీ తాగుతూ గ్లాసులో అడుగు దాకా వేడిగానే తాగేశాను. మామూలుగా నా టీ చల్లారిపోయేది, మధ్యలో నాలుగు ఫోన్లు వచ్చేవి. నా ఫోన్ మోగడం మానేసిందని అప్పుడు గమనించాను.

పాత ఆర్డర్లు తీసి ఊరి పేర్లు చూసుకుంటూ వెళ్లాను. కలువాయి పక్క పల్లెలు లేవు. దుత్తలూరు వైపు మేకలు కాసుకునే ఇళ్లవాళ్లు లేరు. సోమశిల లేదు. వాళ్లెవరూ ఇంకో రెండు వస్తువులు వేసుకోలేదు, ఊరికే వెళ్లిపోయారు. పెద్ద ఆర్డర్లు పెట్టేవాళ్లు ఎప్పటిలాగే పెడుతున్నారు, ఒక్క రూపాయి ఎక్కువ పెట్టడంలేదు. మిఠాయి తిన్న సంగతి గుర్తొచ్చింది.

పేర్లన్నిటిలో ముందు చెంగమ్మవ్వకే ఫోన్ చేశాను. కోడలు పెంచలమ్మ ఎత్తింది. నేనెవరో చెప్పాను.

"ఓహో, బొమ్మ కొంటేగానీ బూట్లు ఇయ్యమన్నోళ్లు మీరేనా?" అంది.

తర్వాత ఆమె చెబుతూ ఉంటే నేను వింటూ ఉండిపోయాను. అవ్వ కళ్ల సంగతి, మోత సంగతి అప్పుడే తెలిసింది. "నెల్లూరు నించి ఒక జత తెప్పిస్తే రెండు దినాలకే మూగబోయినాయి. ఉట్టి కాళ్లతో తిరిగితే మా అత్తకేం తెలుస్తాది? అందుకని వాడి మొలతాటికి చీరపేలిక కట్టి, ఇంకో కొస తన చేతికి కట్టుకునేది. ఒక దినం ముడి ఊడిపోయినాది. వలలు బాగుజేసుకునే మనిషి జూసి ఎత్తుకొచ్చినాడు. మోకాళ్ల లోతుకి దిగినాడంట."

"అయ్యో తల్లీ! బిడ్డకేమీ కాలేదు గదా?"

"వాడికేం, నవ్వతా ఉండాడు. మా అత్తే ఆ పేలిక చేతికి అట్నే ఉంచుకోని పొద్దుగూకేదాకా కూచోనుండాది, అన్నం గూడా తినలా. మా ఆయన ఇంటి చుట్టూ పాత వల అడ్డం కట్టినాడు. అయినా ఆమెకి ధైర్యం జాలడంలా. నేను పడవ మానేసి ఇంట్లోనే ఉండా. ఆయనొక్కడే పోతా ఉండాడు. ఒక్క మనిషి తెడ్డెయ్యాల్నా, వల లాగాల్నా?"

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఫోన్ పెట్టేశాక నేను బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను. ముఖం కడుక్కుని లావణ్య గదిలోకి వెళ్లాను.

"లావణ్యా, మన సగటు పెరగలేదమ్మా."

"అదేంది అత్తా? తెర మీద కనపడతా ఉండాది గదా."

"అంగన్‌వాడీలో ఇరవైమంది పిల్లలున్నారనుకో. వాళ్లలో బుడ్డోళ్లందర్నీ ఇంటికి పంపించేస్తే మిగిలినోళ్ల సగటు ఎత్తు పెరుగుతాది. ఆ పొద్దు ఎవరన్నా ఎదిగినారా?"

లావణ్య తెర మీది అంకె వైపు మళ్లీ చూసుకుంది. తర్వాత తను అడిగిందాంట్లోనూ న్యాయం ఉంది. "మరి కొరియర్ ఖర్చు ఎవరు పెట్టుకోవాలత్తా? జాలిపడతా పోతే అంగడి మూసుకోవాల. మూసేస్తే ఆ అవ్వకి బూట్లు ఎవరిస్తారు?"  కొత్తగా వచ్చే పిల్లలు గుర్తుపెట్టుకోవాల్సింది ఇది. తప్పు తెలిసినంత మాత్రాన దారి కనపడదు. మళ్లీ కూర్చుని పని చేయాల్సిందే.

ఊరి పెట్టె

వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక తోచింది చాలా చిన్న సంగతి. కొరియర్‌కు ఖర్చు పెట్టెకు గానీ మనిషికి కాదు. ఒక ఊరి చిన్న ఆర్డర్లన్నీ వారం పాటు ఆపి, ఒకే పెట్టెలో, ఆ ఊళ్లో నమ్మకమైన ఒక ఇంటికి పంపుదాం అన్నాను. ఎవరిది వాళ్లు అక్కడికి వచ్చి తీసుకుంటారు. పెట్టె దించుకున్న ఇంటికి మా తరఫున ఒక చిన్న వస్తువు ఊరికే ఇస్తాం. ఒక్కొక్కరు ఎంత చిన్న ఆర్డరు పెట్టినా పెట్టె విలువ ఆరు వందలు దాటుతుంది. అవసరం లేనిది ఎవరి నెత్తినా రుద్దే పని లేదు.

మొదట్లో నానా రభస జరిగింది. కలువాయి దగ్గర ఒక పల్లెలో, ఇద్దరు తోడికోడళ్లు ఒకే రంగు గౌను నాదంటే నాదని పెట్టె ముందే జుట్లు పట్టుకున్నారట. అప్పటి నుంచి సంచుల మీద పేరుతో పాటు బిడ్డ పేరు కూడా రాయించాను. ఒక ఊళ్లో పెట్టె దించుకున్న పెద్దమ్మ, అందరి సంచులూ విప్పి చూసి, ధరలు ఊరంతా చాటింది. ఆ ఇల్లు మార్చాం. నెమ్మదిగా కుదురుకుంది.

మనిషికి లెక్కేసే పాత సగటు మాత్రం పడిపోయింది, గట్టిగానే పడిపోయింది. లావణ్య గోడ మీద ఆ అంకె పక్కనే ఇంకో అంకె రాయించింది, ఆ నెల మనదగ్గర కొన్న ఇళ్లు ఎన్ని అని. మీరు ఏ అంగడిలో చేరినా ఆ రెండో అంకె ముందు అడగండి. అది చూపించకుండా మొదటిదాన్ని చూపించి మిఠాయి పెడితే తినకండి.

సోమశిలకు వెళ్లాల్సిన మొదటి పెట్టెను నేను కొరియర్‌కు ఇవ్వలేదు. బస్సులో ఒళ్లో పెట్టుకుని నేనే తీసుకెళ్లాను. బూట్లు రెండు సైజులు పెట్టుకున్నాను. మధ్యలో ఇన్ని నెలలు పోయాయి, పాదం ఎంతైందో నాకు తెలియదు.

అవ్వ గుమ్మంలో కూర్చుని ఉంది. నేను అనుకున్నదానికన్నా చిన్న మనిషి. నడుముకు పేలిక కట్టి ఉన్న మనవడు ఆమె పక్కనే గులకరాళ్లతో ఆడుకుంటున్నాడు. పేలిక రెండో కొస అవ్వ మణికట్టుకు ఉంది. కోడలు ఇంట్లోనే ఉన్నా ఆమె అది విప్పదట. అక్కడ పేలిక ఒరుసుకుని చర్మం నల్లబడింది. నేను ఎవరో చెప్పగానే అవ్వ ముఖం నా వైపు తిప్పింది.

"నువ్వేనా మే, బొమ్మ కొనమన్నది?"

"నేనే అవ్వా. తప్పయిపోయింది. నీకు మోత ఎందుకో నాకు తెలియలా."

"అడిగి ఉంటే జెప్పేదాన్ని గదమ్మా" అంది. కోపంగా కూడా అనలేదు, మామూలుగా అంది.  కింద కూర్చుని పెట్టె విప్పాను.

చిన్న సైజు ఎక్కలేదు. పెద్దది సరిపోయింది. పెంచలమ్మ పేలిక విప్పి వాణ్ణి నిలబెట్టింది. ఒక అడుగు వేశాడు, కుయ్‌మంది. కాళ్ల వైపు చూసుకున్నాడు. ఇంకో అడుగు వేశాడు. తర్వాత వలకట్టు లోపల ఇంటి చుట్టూ ఒకటే పరుగు. అవ్వ కదలకుండా కూర్చుంది, మోత ఎటు పోతే ముఖం అటు తిరుగుతూ ఉంది. ఉన్నట్టుండి ఆమె చెయ్యి ఎత్తి మమ్మల్ని మాట్లాడవద్దంది. ఇంకాసేపు విన్నది.

"ఏందే ఇది పెంచలా, వీడు పరిగెత్తతా ఉండాడే! ఎప్పుడు నేర్చుకున్నాడు?"

పెంచలమ్మ నా వైపు చూసింది, తర్వాత అత్త వైపు చూసింది. "రెండు నెలలైంది అత్తా. వాళ్ల నాయన పొద్దుగూకి ఇప్పినప్పుడంతా పరిగెత్తతానే ఉండాడు. ఉట్టి కాళ్లు గదా, నీకు ఇనపడలా."

 అవ్వ పేలిక మణికట్టు నుంచి విప్పి, మడతపెట్టి, పక్కన పెట్టింది. నేను అక్కడే కూర్చుని ఏడ్చాను. పిల్లవాడు నా ముందు నుంచి కుయ్ కుయ్‌మంటూ మళ్లీ ఒక చుట్టు తిరిగి వెళ్లాడు.